రెండు 24 ట్రాక్ రీళ్లు, ఒకే మెషిన్: టైమ్ కోడ్‌తో కలపడం ఎక్కడ తప్పుతోంది?

ముందు మీ సమస్యను నాకు అర్థమైనంతలో చెప్పుకుంటాను, ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. 1990ల మొదట్లో మద్రాసులో రికార్డయిన భక్తి పాటల ఆల్బమ్. రెండంగుళాల టేపు, 24 ట్రాకులు, రెండు రీళ్లు. ఒకదాని మీద వాద్యాలు, రెండోదాని మీద గాత్రం, కోరస్. రెండింట్లోనూ 24వ ట్రాక్ మీద చెవులు చిల్లులు పడే గరగర. మీ దగ్గర నడిచే మెషిన్ ఒక్కటే కాబట్టి రీళ్లను వేర్వేరు రోజుల్లో కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఆ గరగరలో దాగిన టైమ్ కోడ్ అంకెలు చూసి రెండింటినీ పక్కపక్కన పెట్టారు. మొదటి పాటలో గాత్రం ఆదినుంచి అంతం దాకా రెండున్నర ఫ్రేములు (ఒక ఫ్రేమంటే ఇక్కడ సెకనులో ఇరవై ఐదో వంతు) వెనక ఉంది. మూడో పాటలో పల్లవి అతికినట్టు కుదిరింది గానీ, రెండో చరణానికి వచ్చేసరికి గాయకుడు తాళం వదిలేసి ఎటో వెళ్లిపోయాడు. "కోడ్ పాడైపోయినట్టేనా?" అని అడిగారు.

పాడవలేదు. పాడైతే అంకెలు అసలు చదవడానికే రావు. మీకు వచ్చినవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకటి చోటుకు సంబంధించింది, రెండోది వేగానికి సంబంధించింది. టైమ్ కోడ్‌తో కుస్తీ పట్టే చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుని రోజులకు రోజులు పోగొట్టుకుంటారు. నేనూ పోగొట్టుకున్నవాణ్ణే.

ఆ గరగర ఏమిటో కాస్త చెప్పుకుంటే మిగతాది సులువవుతుంది. అది ఎస్‌ఎంపీటీఈ టైమ్ కోడ్. పుట్టింది పాటల కోసం కాదు, వీడియో టేపు ఎడిటింగ్ కోసం. 1967లో కాలిఫోర్నియాలోని ఈకో అనే కంపెనీ మొదలుపెట్టిన పద్ధతిని తర్వాత అమెరికాలో సినిమా, టీవీ ఇంజనీర్ల సంఘమైన ఎస్‌ఎంపీటీఈ, యూరప్‌లో ప్రసార సంస్థల సంఘమైన ఈబీయూ ప్రమాణంగా ఖాయం చేశాయి. గంట, నిమిషం, సెకను, ఫ్రేము: ప్రతి ఫ్రేముకూ ఒక డోరు నంబరు. ఒక్కో నంబరు రాయడానికి 80 బిట్లు. మన దగ్గర వాడిన 25 ఫ్రేముల కోడ్‌లో సెకనుకు 2,000 బిట్లన్నమాట. ప్రతి బిట్ మొదట్లో సిగ్నల్ ఒకసారి తిరగబడుతుంది. ఆ బిట్ ఒకటి అయితే మధ్యలో ఇంకోసారి తిరగబడుతుంది, సున్నా అయితే అలాగే ఉంటుంది. అందుకే ఆ చప్పుడు ఒకటి నుంచి రెండు కిలోహెర్ట్‌జ్‌ల మధ్య కొట్టుకుంటూ ఉంటుంది. సిగ్నల్ మారిందా లేదా అన్నదే లెక్క, పైకి మారిందా కిందికి మారిందా అన్నది కాదు కాబట్టి కేబుల్లో ప్లస్సూ మైనస్సూ తారుమారైనా కోడ్ చక్కగా చదువుకుంటుంది. చివరి 16 బిట్లు మాత్రం ఎప్పుడూ ఒకటే: రెండు సున్నాలు, పన్నెండు ఒకట్లు, ఒక సున్నా, ఒక ఒకటి. ముందు నుంచి చూస్తే ఒకలా, వెనక నుంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. టేపు ఎటు తిరుగుతోందో కోడ్ చదివే రీడర్‌కు తెలిసేది దీనివల్లే.

ఇప్పుడు టేపును కళ్లముందు పెట్టుకోండి. సెకనుకు 15 అంగుళాలంటే 381 మిల్లీమీటర్లు. ఒక ఫ్రేము టేపు మీద 15.24 మిల్లీమీటర్ల జాగా తీసుకుంటుంది, ఒక బిట్ 0.19 మిల్లీమీటర్లు. కోడ్ అంటే మైలురాళ్ల వరుస, అంతే. రాయి మీద ఊరి దూరం ఉంటుంది గానీ బండి ఎంత వేగంతో పోతోందో ఉండదు. అది తెలియాలంటే ఒక రాయి దగ్గర్నుంచి ఇంకో రాయి దాకా ఎంతసేపు పట్టిందో పక్కన ఇంకో గడియారం పెట్టుకుని కొలవాలి. మీ మూడో పాటలో లోపించింది ఆ గడియారమే. అక్కడికి వస్తాను.

ముందు మొదటి పాట. అంతటా ఒకే తేడా, రెండున్నర ఫ్రేములు, అంటే 100 మిల్లీసెకన్లు. పెరగదు, తరగదు. ఇలాంటి తేడా కనబడగానే నా చెయ్యి నేరుగా హెడ్ల మీదికి పోతుంది. మీ మెషిన్లో టేపు ముందు చెరిపే ఎరేజ్ హెడ్, తర్వాత రాసే రికార్డ్ హెడ్, ఆ తర్వాత చదివి వినిపించే రెప్రో హెడ్ దాటుతుంది. ఓవర్‌డబ్ చేసేటప్పుడు, అంటే పాతవి వింటూ కొత్త ట్రాకు చేర్చేటప్పుడు, పాత ట్రాకులను రికార్డ్ హెడ్ నుంచే వినిపించేవాళ్లం, దాన్నే సింక్ మోడ్ అంటాం. ఆ పాట గాత్రం ఎక్కించినప్పుడు మీరు పాట ట్రాకులన్నీ రెప్రోలో పెట్టి, 24వ ట్రాక్ బటన్‌ను మాత్రం సింక్‌లో వదిలేసి ఉంటారు. అప్పుడు కోడ్ ముందరి హెడ్ దగ్గర చదవబడుతుంది, గాత్రం వెనకనున్న హెడ్ దగ్గర. రెండు హెడ్ల మధ్య దూరం స్కేలు పెట్టి కొలవండి. 38 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే లెక్క సరిపోయినట్టే: 38ని 381తో భాగిస్తే సెకనులో పదో వంతు, అదే మీ రెండున్నర ఫ్రేములు. కోడ్ ముందుగా ఫైల్లో పడింది, పాట ఆలస్యంగా పడింది, మీరు కోడ్‌ను నమ్మి పెట్టారు కాబట్టి గాయకుడు వెనకబడ్డాడు. దీనికి మళ్లీ ఎక్కించాల్సిన పని కూడా లేదు. ఆ పాట గాత్రం ఫైళ్లన్నింటినీ కలిపి అంతే మేర ముందుగా మొదలయ్యేట్టు జరపండి. మిగతా పాటలు ఎక్కించేటప్పుడు మాత్రం కోడూ, పాటా ఒకే హెడ్ నుంచి రావాలి. రెప్రో హెడ్‌కే ఓటు వేయండి, చాలా మెషిన్లలో సింక్ హెడ్ కంటే దాని ధ్వనే బాగుంటుంది.

హెడ్ల కొలత సరిపోకపోతే డబ్బా లోపల చూడండి. ఏ ట్రాకులో ఏముందో రాసే ట్రాక్ షీట్ మీద ఎక్కడో పెన్సిల్‌తో "ఆఫ్‌సెట్" అని ఒక అంకె గీకి ఉంటుంది. ఆ కాలం ఇంజనీర్లు సిగరెట్ పెట్టె మీదైనా రాసుకునేవాళ్లు గానీ రాయకుండా ఉండేవాళ్లు కాదు. రెండు రీళ్ల మీద కోడ్ వేర్వేరు సమయాలకు మొదలైతే, ఆ తేడాను సింక్రొనైజర్‌కు, అంటే రెండు మెషిన్లను జతగా నడిపే పెట్టెకు, చెప్పడానికే ఆ అంకె.

మూడో పాట కథ వేరు. మొదట్లో కలిసి చివరికి విడిపోయిందంటే ఎక్కించిన రెండు రోజుల్లో మెషిన్ రెండు వేగాలతో నడిచిందని అర్థం. టేపును లాగే ఇరుసు, క్యాప్‌స్టన్, క్వార్ట్‌జ్ గడియారం మీద నడుస్తున్నా టేపు దాని మీద ఎంతో కొంత జారుతుంది. టేపును దానికి అదిమిపట్టే పించ్ రోలర్ పాతబడితే ఇంకా జారుతుంది. రీలు మొదట్లో, చివర్లో టెన్షన్ ఒకేలా ఉండదు. ఎవరో వేగం మార్చే వేరీస్పీడ్ నాబ్ ముట్టుకుని ఉండొచ్చు కూడా. వేగంలో తేడా 0.02 శాతం అనుకోండి. వినడానికి శ్రుతిలో తేడా తెలియనే తెలియదు. కానీ నాలుగు నిమిషాల పాటలో అది 48 మిల్లీసెకన్లకు చేరుతుంది, ఒక ఫ్రేము పైచిలుకు. మృదంగం మీద అరచెయ్యి పడ్డాక కాసేపటికి గాయకుడు సమం పట్టుకుంటే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో మీరే విన్నారు.

రెండు మెషిన్లూ ఉన్న రోజుల్లో ఈ పని ఎలా జరిగేదో చెబితే మీ చేతిలో ఉన్నదానితో ఏం చేయాలో అదే తెలుస్తుంది. మధ్యలో సింక్రొనైజర్ ఉండేది. క్యూ లాక్, ఆడమ్స్ స్మిత్ వాళ్ల జీటా త్రీ, టైమ్‌లైన్ వాళ్ల లింక్స్, స్టూడర్ వాళ్ల టీఎల్ఎస్ ఇలా కొన్ని రకాలు. ఒక మెషిన్ మాస్టర్, రెండోది స్లేవ్. మాస్టర్‌ను రివైండ్ చేసి చరణం దగ్గర ఆపితే స్లేవ్ దానంతటదే వెతుక్కుంటూ పరిగెత్తేది. వేగంగా చుట్టేటప్పుడు లిఫ్టర్లు టేపును హెడ్లకు దూరంగా ఎత్తేస్తాయి కాబట్టి కోడ్ చదవడం కుదరదు. అప్పుడు సింక్రొనైజర్ రోలర్ తిరిగే చుట్లను, టాకో పల్సులను, లెక్కపెట్టుకుంటూ అంచనాగా పోతుంది. దగ్గరికి రాగానే ప్లేలో పెట్టి కోడ్ చదివి ఎంత దూరంలో ఉన్నదీ చూసుకుంటుంది. ఇక్కడి నుంచి అసలు పని. క్యాప్‌స్టన్‌ను దాని సొంత క్వార్ట్‌జ్ నుంచి విడదీసి బయటి రిఫరెన్స్ మీద పెడతారు. చాలా మెషిన్లకు అది 9.6 కిలోహెర్ట్‌జ్. సింక్రొనైజర్ ఆ సంఖ్యను కాస్త పెంచితే టేపు పరిగెత్తుతుంది, తగ్గిస్తే నిదానిస్తుంది.

స్లేవ్ రీలు మీద మొదటి రెండు ట్రాకుల్లో మాస్టర్ నుంచి తీసిన రఫ్ మిక్స్ ఉండేది. మాస్టర్ రీలును వంద సార్లు తిప్పితే టేపు మీది ఆక్సైడ్ పూత అరిగి పైస్వరాలు చచ్చిపోతాయి. అందుకని గాయకుడు ఆ రఫ్ మిక్స్ వింటూనే పాడేవాడు, మాస్టర్ డబ్బాలో భద్రంగా ఉండేది. రెండు రీళ్లనూ కలిపే రోజు ఆ రఫ్ మిక్స్‌ను, మాస్టర్‌ను ఒకేసారి తెరిచి వినేవాణ్ణి. మొదట ప్రతి తాళం దెబ్బా రెండుగా వినబడుతుంది, స్లేవ్ శ్రుతి పైకెక్కి మెల్లగా దిగుతుంది. రెండు దెబ్బలూ దగ్గరవుతాయి, గొట్టంలోంచి వచ్చినట్టు ఊళ వేస్తుంది, ఆ ఊళ మెల్లమెల్లగా తిరిగి ఒక చోట నిలబడుతుంది. ఎర్రగా మిణుకుమిణుకుమంటున్న లాక్ లైటు అప్పుడు నిలకడగా వెలుగుతుంది. ఇదంతా నాలుగైదు సెకన్లు. అందుకే పాటకు కనీసం పది సెకన్ల ముందు నుంచి ప్రీరోల్ ఇవ్వాలనేది.

ఒక్క మాట పక్కదారి. లాక్ అయ్యాక కూడా స్లేవ్ నిశ్చలంగా ఉండదు, ఎప్పుడూ కాస్త ముందుకూ వెనక్కూ సర్దుకుంటూనే ఉంటుంది. కాబట్టి ఒకే వాద్యం ముందు పెట్టిన రెండు మైకుల్లో ఒకదాన్ని ఒక రీలు మీద, రెండోదాన్ని ఇంకో రీలు మీద ఎప్పుడూ పెట్టకూడదు. ఒక మిల్లీసెకను తేడా వస్తే రెండూ కలిసినప్పుడు 500 హెర్ట్‌జ్ దగ్గర ధ్వని రద్దయి గొయ్యి పడుతుంది, ఆ తేడా మారినప్పుడల్లా గొయ్యి కూడా నడుస్తుంది. గాత్రం ఒకదానిలో, వాద్యాలు ఒకదానిలో పెట్టిన మీ పాత ఇంజనీర్‌కు ఈ సంగతి బాగా తెలుసు.

ఇక మీ చేతిలో ఒకే మెషిన్ ఉంది. రెండు దారులున్నాయి. సింక్రొనైజర్ ఎక్కడైనా అద్దెకు దొరికితే మెషిన్‌ను రిజాల్వ్ చేయండి. అంటే ఇంకో మెషిన్‌ను వెంటాడడం కాదు, ఒక గడియారాన్ని. ధ్వనిని అంకెలుగా మార్చే మీ కన్వర్టర్‌కు వర్డ్ క్లాక్, అంటే దాన్ని నడిపే గడియారపు సిగ్నల్, ఇచ్చే పెట్టె ఏదో, సింక్రొనైజర్‌కు రిఫరెన్స్ కూడా దాని నుంచే రావాలి. ఇది తప్పితే మొత్తం శ్రమ వృథా. అప్పుడు టేపు మీది ప్రతి ఫ్రేమూ కచ్చితంగా 40 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున కంప్యూటర్‌లో పడుతుంది. 48 కిలోహెర్ట్‌జ్ సెషన్లో, అంటే ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచేచోట, ఫ్రేముకు 1,920 కొలతలు, శాంపిళ్లు. ఈ రోజు వాద్యాల రీలు, వచ్చే వారం గాత్రం రీలు ఎక్కించినా రెండూ ఒకే కొలబద్ద మీద ఉంటాయి. ఆ తర్వాత ఒక్కచోట కలిపితే చివరి దాకా కలిసే ఉంటాయి.

సింక్రొనైజర్ దొరకకపోతే, అదే ఎక్కువమంది పరిస్థితి, 24వ ట్రాక్‌ను మామూలు పాట ట్రాకులాగే ఆడియోగా రికార్డు చేయండి. అంకెలు మాత్రమే తీసుకుని ఆ చప్పుడును పారేయకండి, అదే మీ గడియారం. మూడో పాటలో కోడ్ ఆడియోను జూమ్ చేసి, రీడర్ సాయంతో ఒక ఫ్రేము మొదలును గుర్తుపెట్టుకోండి, సరిగ్గా నాలుగు నిమిషాల తర్వాతి ఫ్రేము మొదలును గుర్తుపెట్టుకోండి. మధ్యలో 6,000 ఫ్రేములు. 48 కిలోహెర్ట్‌జ్‌లో 1,15,20,000 శాంపిళ్లు ఉండాలి. మీకు 1,15,22,304 వచ్చిందనుకోండి, టేపు 0.02 శాతం నిదానంగా నడిచిందన్నమాట. రెండు రీళ్లకూ ఇలా కొలిచి, రెండింటినీ అసలు సంఖ్యకు సరిచేయండి. శ్రుతి మార్చకుండా నిడివి మార్చే టైమ్ స్ట్రెచ్ వాడకండి, శ్రుతీ లయా కలిసి మారే వేరీస్పీడ్ తరహా సర్దుబాటే వాడండి. టేపు చేసింది అదే కదా. పాట మధ్యలో కూడా వేగం మారి ఉంటే పల్లవికొకటి, చరణానికొకటి చొప్పున కొలిచి, గాయకుడు ఊపిరి తీసుకున్న చోట్ల కోసి సరిచేయండి.

సరిపోయిందో లేదో చెవితో తేల్చుకోవడానికి ఆ రఫ్ మిక్స్ ఉంది. మీ గాత్రం రీలు మొదటి రెండు ట్రాకులు వినండి, అక్కడ మృదంగం ఉండే తీరుతుందని నా పందెం. వాద్యాల రీలు మీది మృదంగాన్ని దాని పక్కన పెట్టి ఒకదాని ఫేజ్ తిప్పండి, అంటే సిగ్నల్‌ను తలకిందులు చేయండి. కలిసిన చోట మృదంగం సన్నబడిపోతుంది, విడిపోయిన చోట లావెక్కుతుంది. స్క్రీన్ మీది అంకెల కంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

వేగం గాడి తప్పడానికి ఇంకో కారణం టేపు జిగటగా మారడం. ఆ కాలపు కొన్ని టేపుల్లో పూతను పట్టి ఉంచే జిగురు, బైండర్, తేమ పీల్చుకుని హెడ్లకు అంటుకుంటుంది, కీచుమంటుంది, గోధుమరంగు బంక వదులుతుంది. మీకలాంటిది కనబడితే వెంటనే ఆపేయండి. అలాంటి రీళ్లను 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి వేడి చేస్తే కొన్ని వారాలు నడుస్తాయి. అది ఉష్ణోగ్రత నిలకడగా ఉండే యంత్రంలో, తెలిసినవాళ్లు చేయాల్సిన పని. వంటింటి ఓవెన్ జోలికి పోవద్దు.

ఫ్రేముల రేటు గురించి కూడా అడిగారు. రీడర్‌లో ఫ్రేముల అంకె 24 దాకా పోయి సున్నాకు వస్తే అది 25 కోడ్, 29 దాకా పోతే 30 కుటుంబం. ఆ కుటుంబంలో గొడవలెక్కువ: అమెరికా రంగుల టీవీ 29.97 మీద నడుస్తుంది. అంకెలను గడియారానికి సరిపెట్టడానికి డ్రాప్ ఫ్రేమ్‌లో నిమిషానికి రెండు నంబర్లు వదిలేస్తారు, ప్రతి పదో నిమిషానికి మాత్రం వదలరు, మొత్తం గంటకు 108. పోయేది నంబర్లే, ఫ్రేములు కాదు. మద్రాసు రీలు 25 అయ్యే అవకాశమే ఎక్కువ కాబట్టి మీకు ఈ తలనొప్పి రాకపోవచ్చు. సినిమా పాటల రీళ్లయితే ఇంకో చిక్కు ఉంది. సినిమా 24 ఫ్రేములు, మన వీడియో 25. ఫిల్మును వీడియోకు ఎక్కించేటప్పుడు 25 వేగంతో నడిపితే పాట నాలుగు శాతం పైగా తొందరపడుతుంది. ఒకటి శ్రుతిలో పాడింది ఒకటిన్నర దాకా పోదు గానీ, ఒకటి మాత్రం కాదు, రెంటికీ మధ్య వేలాడుతుంది. హార్మోనియం మీద ఎక్కడా దొరకని శ్రుతి వినబడితే ముందు దీన్నే అనుమానించండి.

మా సీనియర్ చేత నేను తిట్లు తిన్న సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను, మీరు రెండో మెషిన్ తెప్పించుకుంటే పనికొస్తుంది. అసిస్టెంట్‌గా ఉన్న రోజుల్లో ఒక రాత్రి సెషన్లో కోడ్ జనరేటర్‌ను గోడ గడియారానికి సరిపెట్టి టేపు మీద కోడ్ పరిచాను. బాగానే ఉందనుకున్నాను. పాట మధ్యలో కోడ్ 23:59:59:24 దాటి సున్నాలకు వచ్చింది. మాస్టర్ అర్ధరాత్రి దాటింది, ఆఫ్‌సెట్ ఉండటం వల్ల స్లేవ్ ఇంకా ఇవతలే ఉంది. సింక్రొనైజర్‌కు స్లేవ్ 24 గంటలు ముందున్నట్టు అనిపించింది. ప్లేలో ఉన్న స్లేవ్ ఒక్కసారిగా ఆగి, పూర్తి వేగంతో వెనక్కి చుట్టడం మొదలుపెట్టింది. మేం లోపలి గదిలోంచి పరిగెత్తుకొచ్చేసరికి టేపు తోక రీలు మీద పటపటా కొట్టుకుంటోంది. అప్పట్నుంచి కోడ్ 01:00:00:00కో, 10:00:00:00కో పాట మొదలయ్యేట్టు, దానికి ముప్పై సెకన్ల ముందు నుంచి, మధ్యలో ఆపకుండా ఒకే ఊపులో పరుస్తాను. 23వ ట్రాక్ ఖాళీగా ఉంచుతాను, లేదంటే గరగర పక్క ట్రాక్‌లోకి కారుతుంది. కోడ్‌ను మీటర్ మీద మైనస్ 5 నుంచి మైనస్ 10 మధ్య పెడతాను. రొద తగ్గించే డాల్బీ, ఈక్వలైజర్, కంప్రెసర్ ఏవీ దాన్ని తాకనివ్వను. ఇంకో రీలుకు కావాలంటే తిన్నగా కాపీ చేయను, రీజనరేట్ చేసి కొత్తగా రాయిస్తాను. రెండు మూడు తరాల కాపీల తర్వాత ఆ చదరపు అంచులు గుండ్రబడి రీడర్ తడబడుతుంది.

మూడో పాట రెండు రీళ్లకూ నాలుగు నిమిషాలకు ఎన్ని శాంపిళ్లు వచ్చాయో, మీ మెషిన్లో రెండు హెడ్ల మధ్య ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయో కొలిచి ఇక్కడ రాయండి. ఆ మూడు అంకెలూ వస్తే మిగతా లెక్క కూర్చుని చేసేద్దాం.